నాన్న లేడు, తాత ఉన్నాడు

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో, కొబ్బరితోటలో మా పెట్టె. చీమలెక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టారు. ఈ పక్క కొత్తవాడు కనబడితే మొదటి ప్రశ్న, “ఎవరి తాలూకండీ?” భీమేశ్వరుడికి అర్చన చేయించాలన్నా గోత్రం చెప్పాలి. నన్నడిగితే చిక్కే. పోతుటీగనండి, తేనెపట్టులో మగవాణ్ణి. నాకు నాన్న లేడు. పోయాడని కాదు, అసలే లేడు. తాత మాత్రం ఉన్నాడు, అమ్మకు నాన్న.

మా అమ్మ రాణి. పెళ్లినాటి వీర్యాన్ని పొట్టలో చిన్న సంచిలో దాచుకుని ఏళ్ల తరబడి వాడుకుంటుంది. గుడ్డు పెట్టేముందు ముందుకాళ్లతో గది వెడల్పు చూస్తుంది. ఇరుకు గదైతే గుడ్డుకు వీర్యం తగిలిస్తుంది, ఆడపిల్ల పుడుతుంది. వెడల్పు గదైతే ఉత్త గుడ్డే, నేను. అక్కచెల్లెళ్లకు 32 క్రోమోజోములు, నాకు అమ్మిచ్చిన 16. ఆ ఆడపిల్లల్లో చివరిదాకా రాణిపాలు పట్టినది రాణి, మధ్యలో మాన్పించి తేనె, పుప్పొడి పెట్టినది కూలి ఈగ. తేడా అంతా తిండిలోనే.

మాకు తండ్రి లేడని 1845లో చెప్పింది సైలీషియాలో ఒక చర్చి ఫాదరు, యాన్ జిర్జోన్! బఠాణీల మెండెల్ కూడా తేనెటీగలు పెంచాడు. బఠాణీలు విన్నట్టు మేం మాట వినలేదు. రాణి ఆకాశంలో పదిమందికి పైగా మగవాళ్లతో కలుస్తుంది, ఎవరితోనో చూడ్డానికి ఆయన పైకెగరగలడా?

మీకు మేనరికం ముచ్చట. మాకది కొంప ముంచుతుంది. ఆడో మగో తేల్చే జన్యువొకటుంది, 2003లో పట్టుకున్నారు. దానికి రకాలు చాలా. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి వేరొకటి వస్తే ఆడపిల్ల. రెండూ ఒకటే రకమైతే, నాన్న ఉండి కూడా మగపుట్టుకే. అలాంటివాణ్ణి పురుగుగా ఉండగానే కూలి ఈగలు తినేస్తాయి. మా పక్క పెట్టె అలాగే పోయింది. చుట్టుపక్కల పెట్టెలన్నీ చుట్టాలవే మరి. పిల్లగదులు ఖాళీపడి పట్టంతా చిల్లుల అట్టులా తయారైతే, తోటాయన తెగులనుకుని మందు వెతికాడు. కావలసింది దూరపు ఊరి పెట్టె.

నాకు కొడుకు మిగిలే వీల్లేదు. ఉత్త గుడ్డుకు నాతో పనేముంది? బతికేవాళ్లంతా కూతుళ్లే. వాళ్లలో ఒకతికి రాణిపాలు అందితే, ఆమె కొడుక్కి నేను తాతని. తద్దినానికి దౌహిత్రుడే దిక్కు.

రాణితో పెళ్లయిన పోతుటీగ మళ్లీ రాడు, కలయికతోనే ప్రాణం పోతుంది. మధ్యాహ్నపు ఎండ వాలింది. కొబ్బరి తలల పైన పక్క తోటల మగవాళ్లు అప్పుడే చేరారు. ఇన్నాళ్లూ తిన్న తేనె గుర్తుచేస్తున్నట్టు గుమ్మం దగ్గర అక్క ఒకతి నన్ను తోసింది.

ఆయ్, వెళ్తున్నానండి.