ఒక జర్మను వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారము వాడనియు, మూలము లేనిదే యొక్క ముక్కయైనను వ్రాయనని ప్రతిన పట్టినవాడనియు పెద్దలు చెప్పుదురు. ఆయన యూరికి ఉత్తరముగా, నవనాథసిద్ధుల గుట్టనీడలో ముప్పదియేండ్లు బడిపిల్లలకు విభక్తులు వల్లెవేయించి విశ్రాంతి పొందిన నాకు, ఆర్మూరులో మూలమనగా పసుపువేరు తప్ప మఱొకటి కాదని చాలకాలమునుండి తెలిసినదే యైనను, ఈ యేడు పసుపు ఉడుకబెట్టు దినములలో ప్రక్కయింటి రైతు కూతురు, హైదరాబాదున ఒకానొక విశ్వవిద్యాలయమున జర్మనుభాషను మూడవయేట చదువుచున్న పిల్ల, నోటుపుస్తకము చేతబట్టుకొని వచ్చి, "పంతులు తాతా, ఒక్క అక్షరానికి అర మార్కు కోసిండ్రు. నాది తప్పేనా, మీరే జెప్పుండ్రి" అని యడిగినపుడు, ఆ పుటలోని యెఱ్ఱగీత క్రింది వాక్యమే వ్యాఖ్యానార్హమైన మూలమని తోచినది. జర్మనులో నాకు ప్రవేశము లేదు. ఆరబోసిన కొమ్ముల ప్రక్కన మూడు సాయంకాలములు కూర్చుండి ఆ పిల్లయే నాకు చెప్పినది. కావున ఇందలి గుణములు ఆమెవి, చాపల్యము నాది.

మూలము. ఓప్‌వోల్ ఇష్ జైట్ డ్రై యారెన్ డోయిచ్ లెర్నె, కాన్ ఇష్ ఆఉఫ్ డేమ్ మార్క్ట్ కైనెన్ జాక్ కుర్కుమా ఫెర్‌కాఉఫెన్.

అధికారి నిర్ణయము. ఐరోపామండలివారు 2001లో ప్రకటించిన ఆఱు మెట్లలో మూడవదానిపై ఒక కాలును నాలుగవదానిపై ఒక కాలును ఉంచి నిలుచున్నవాడు దీనికి అధికారి, అనగా మధ్యమాధికారి. ప్రథమాధికారి తప్పు పలికినచో లోకము ముచ్చటపడి మిఠాయి పెట్టును. ఉత్తమాధికారి తప్పు పలికినచో అది ఆర్షప్రయోగమని సమర్థించుటకు శిష్యులుందురు. తనకు వచ్చునని తనకును, రాదని పరీక్షకునకును ఏకకాలమున తెలిసియుండు దురవస్థ మధ్యమునకు మాత్రమే కలదు.

ప్రయోజనమో స్పష్టము. మా ప్రాంతమునుండి దుబాయికి, మస్కటుకు పోయిన తరమువారు పోయిన పిమ్మట భాష నేర్చిరి; జర్మనీకి పోవదలచిన తరమువారు భాష నేర్చిన పిమ్మటనే పోవలసియున్నది. అందుచేతనే 1958లో ఆంగ్లబోధనకై పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన హైదరాబాదు తార్నాక విద్యాలయము మొదలుకొని పలుచోట్ల ఈ భాష బోధింపబడుచున్నది. ఇది క్రొత్త ముచ్చటయు కాదు, ఒకవైపు ముచ్చటయు కాదు. బెంజమిను షూల్జు అను జర్మను పాదిరి 1728లో తెలుగునకు లాటిను భాషలో వ్యాకరణము వ్రాసి, పిదప స్వదేశమునకు మరలి, 1746లో హాలే పట్టణమున తెలుగు పుస్తకము నచ్చొత్తించినాడు. ఆయనకు అర మార్కులు కోసిన వారెవ్వరో!

ప్రతిపదార్థము. ఓప్‌వోల్ = అయినప్పటికిని. ఇందు బకారమును వ్రాసి పకారమును పలుకవలయును. మన సంస్కృత వ్యాకరణమున అవసానమందు వికల్పముగా వచ్చు చర్త్వము వీరికి పదాంతమునను అక్షరాంతమునను నిత్యమని గ్రహించునది. ఈ యవ్యయము చూచుటకు చిన్నదైనను, వాక్యపు తలవాకిట నిలిచి, సాధారణముగా రెండవ పీటపై కూర్చుండు అలవాటుగల క్రియను లేవగొట్టి చిట్టచివరకు తఱుమును. ఇంగ్లీషువలన జర్మనును అర్థము చేసికొనజూచిన తోటి విద్యార్థులు ఇచ్చటనే తలక్రిందులైరట. మా పిల్ల మాత్రము, క్రియ కడపట వచ్చుట ఇంటిలో అవ్వ మాటాడు తీరేగదా యని, బస్సు దిగి తన వీధి మలుపు తిరిగినట్లు ఊపిరి పీల్చుకొనెనట. అయితే ఉపవాక్యము ముందు నిలిచినపుడు ప్రధానవాక్యపు క్రియ కామా దాటగనే వచ్చి పడవలయును గనుక, "లెర్నె, కాన్" అని రెండు క్రియలు యార్డు గేటుకడ ఎదురుబొదురైన ట్రాక్టర్లవలె ముట్టెలు తాకించుకొని నిలుచును. కామా యనునది నడుమ నిలిచిన కాపలాదారు.

ఇష్ = నేను. ఇందు వ్యాఖ్యేయము లేదు.

జైట్ డ్రై యారెన్ = మూడేండ్లనుండి; లెర్నె = నేర్చుకొనుచున్నాను. మొదలుపెట్టి ఇంకను మానని పనికి ఇంగ్లీషువాడు భూతవర్తమానములను ముడివేసి యొక క్లిష్టక్రియ కల్పించును. జర్మనువాడు మనవలెనే "నుండి" యని గడువు చెప్పి, క్రియను తేటగా వర్తమానముననే యుంచును. ఇన్నినాళ్లు ఇంగ్లీషు బడిలో ఈ క్రియకై తిన్న దెబ్బలన్నియు వృథాయేనా యని యడుగగా, పిల్ల నవ్వినది.

కైనెన్ జాక్ కుర్కుమా = ఏ యొక్క బస్తా పసుపునుగూడ (కాదు). మనము లేమిని క్రియకు తగిలించి "అమ్మలేను" అందుము. వీరు దానిని నామమునకు ముందు కట్టి, "లేని బస్తాను అమ్మగలను" అన్నట్లు పలుకుదురు. లేని బస్తా నమ్ముట వ్యాపారములో వినని మాట కాదు గాని, అది ప్రకృతము కాదు. జాక్ అను చోట సకారమును వ్రాసి జకారమును పలుకుదురు. బస్తాకును పసుపునకును నడుమ ప్రత్యయమేదియు లేకుండుట గమనింపదగినది: బస్తా పసుపు, జాక్ కుర్కుమా. తూకము వేయు దడ్వాయి కాటాకడ కేక వేసినను ఇంతకు మించి కుదించలేడు.

బస్తా పుంలింగ మెందుకని యడుగరాదు. ఆ భాషలో గరిటె పుంలింగము, ముల్లుగరిటె స్త్రీలింగము, చాకు నపుంసకము. అనగా ఒక కంచము చుట్టును మూడు లింగములు కూర్చుండి భుజించును. కన్నెపిల్ల నపుంసకమట! దీనికి నవ్వబోయితిని గాని, భార్యాశబ్దము స్త్రీలింగమును, దారశబ్దము పుంలింగ బహువచనమును, కళత్రము నపుంసకమును అయిన భాషకు దాసుడనైన నేనును, "అమ్మాయి వచ్చినది, గేదె వచ్చినది" అని యొక్క క్రియతోనే యిద్దఱిని ఇంటికి పిలుచు తెలుగువాడనైన నేనును ఏ మొగముతో నవ్వుదును? చిన్నయసూరి మహత్తులనుండి స్త్రీలను తప్పించి 1858లోనే బాలవ్యాకరణమున కెక్కించినాడు గదా.

కుర్కుమా అనుమాట అరబ్బుల కుర్కుమ్ నుండి వచ్చినది. దానికిని మన కుంకుమ శబ్దమునకును చుట్టఱికము కలదని నైఘంటికులు చెప్పుదురు. పసుపునకు సున్నము కలిసి కుంకుమ యగుట మా యింటి ఆడువారందఱికి తెలియును గనుక, నైఘంటికుల మాటకు ప్రమాణాంతరము వెదుకనక్కరలేదు. వీరికి గెల్బ్‌వుర్ట్సెల్ అను దేశ్యపదముగూడ కలదు: పచ్చనివేరు అని విగ్రహము. ఇట మల్లినాథుని మూలము మాకు రెండర్థముల దొరకినది. పసుపులోని పచ్చదనమును ఫోగెల్, పెల్తియే అనువారు 1815లో వేఱుచేసిరి; దాని కట్టడమును వివరించిన వ్రాత 1910లో జర్మను రసాయనసంఘ పత్రికయందు ప్రకటితమైనది. మా కొమ్ము కడుపులోని గుట్టు జర్మనుభాషలో వంద యేండ్లకు ముందే వెల్లడి కాగా, దానిని పండించినవారి బిడ్డ ఇప్పుడు చదువుకొనుచున్నది.

ఫెర్‌కాఉఫెన్ = అమ్ముటకు. కాఉఫెన్ అనగా కొనుట. ఫెర్ అను ఉపసర్గ చేరిన మాత్రమున అమ్ముట యగును. క్రయమునకు వి చేర్చి విక్రయము చేసిన మన పూర్వులను తలచి నాకు కన్నులు చెమర్చినవి. ఆ ఉపసర్గ ధాతువును విడువదు. విడుచునవి వేఱే కలవు: ఐన్‌కాఉఫెన్ అను క్రియలోని ఐన్ వాక్యాంతమునకు పోయి యొంటరిగా నిలుచును. ఇది యేమి విపరీతమని పిల్ల మొఱపెట్టగా, వేదమునందు ఉపసర్గలు ధాతువును విడిచి మాటల నడుమ విహరించుటయు, పాణిని దానిని ఛందస్సునందు అంగీకరించుటయు చెప్పి ఓదార్చితిని.

తాత్పర్యము. మూడేండ్లనుండి జర్మను నేర్చుకొనుచున్నను, అంగడిలో ఒక్క బస్తా పసుపునైనను అమ్మజాలకున్నాను.

విశేషము. కారణముండియు కార్యము పుట్టకుండుట విశేషోక్త్యలంకారము. కాని జర్మను వచ్చుట పసుపు అమ్ముడగుటకు కారణమా? పిల్ల తండ్రికి పుట్టినది మొదలు తెలుగు వచ్చును. ఆయన అమ్మలేక మరల ఇంటికి తెచ్చిన బస్తాలు మా వీధి యెఱుగును. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీకి నిలిచిరి. వారిలో అత్యధికులు గిట్టుబాటు ధరకై, పసుపుబోర్డుకై నామపత్రములు వేసిన పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు. వారందఱును మాతృభాషలోనే మొఱపెట్టిరి. బోర్డు 2025లో వచ్చినది. కావున హేతువు వ్యభిచరించుచున్నది, అలంకారము నిలువదు.

పాఠాంతరము. పరీక్షకుడు దిద్దిన పాఠమునే పైన మూలముగా గ్రహించితిని; పిల్ల మొదట వ్రాసినది "ఆఉఫ్ డెన్ మార్క్ట్" అని. ఆఉఫ్ మొదలగు తొమ్మిది అవ్యయములకు ఉనికి చెప్పినపుడు ఒక విభక్తియు, పోక చెప్పినపుడు మఱియొక విభక్తియు చేరును. అంగడిలో అన్నచో డేమ్, అంగడికి అన్నచో డెన్. నేను రెండవ పాఠమునే సమర్థింపబూనితిని: ఆర్మూరు రైతునకు అంగడి ఉనికి కాదు, పోకయే. నిజామాబాదు యార్డుకు తోలును, ధర నచ్చనిచో మహారాష్ట్రములోని సాంగ్లీకి తోలును, రాత్రులు బస్తాలపై పండుకొన్నను మనసు బాటమీదనే యుండును. కావున గత్యర్థమే కవిహృదయమని, డెన్ అనునదే సాధుపాఠమని, ఎఱ్ఱసిరా ప్రక్షిప్తమని నిరూపించి తల యెత్తితిని.

"పోవుడు వేరు, అమ్ముడు వేరు తాతా. అమ్మేటప్పుడు మనిషి ఆడనే నిలబడాలె గద" అని, పిల్ల తండ్రి జేబులోని పాత అమ్మకపు చీటీ, తక్‌పట్టీ యొకటి తీసికొని, దాని వెనుకప్రక్క డేమ్, డేమ్, డేమ్ అని పదిమార్లు వ్రాసికొనినది.