అమ్మకి కూడా సెలవుల హోంవర్కు

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే చాలు, జాబితాలు మొదలవుతాయి. ఆవకాయ పాళ్ల జాబితా అయితే కళ్లకద్దుకోవచ్చు. ఇవి 'ఈ వేసవిలో మీ పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాలు' అనే జాబితాలు. బడి వాట్సాప్ గ్రూపులో ఒకటి, అపార్ట్‌మెంట్ గ్రూపులో మళ్లీ అదే, ఎక్కడో ఉన్న పెద్దమ్మగారి దగ్గర్నుంచి 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అన్న ముద్రతో ఇంకోసారి అదే. ఎవరు వండినా సరుకు మారదు. ఒక శాస్త్రవేత్త ఆత్మకథ, ఒక దేశనాయకుడి జీవిత చరిత్ర, విజేతల అలవాట్ల మీద ఒక లావుపాటి గ్రంథం, రెండు నీతికథల సంపుటాలు, మెదడుకి పదును పెట్టే చిక్కులెక్కలు. ఇవన్నీ ఎవరికయ్యా అంటే ఏడో ఎక్కం దగ్గర ఇంకా నీళ్లు నములుతున్న ఎనిమిదేళ్లవాడికీ, కుడిచెప్పు ఎడంకాలికి తొడుక్కుని వీధంతా తిరిగొచ్చే వాడి తమ్ముడికీ. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, సెలవులు మొత్తం 49 రోజులు. జూన్ 12న బడి తలుపులు తీసేసరికి ఇద్దరూ మహనీయులై తిరిగి రావాలి.

ఈ జాబితాలు రాసేవాళ్లు చెడ్డవాళ్లని ఎవరూ అనరు. పిల్లలు బాగుపడాలన్న తపనే వాళ్లది. కానీ పుస్తకం తనంతట తాను నడిచివెళ్లి కుర్రాడి చేతిలో కూర్చోదన్న సంగతి వాళ్లకి తట్టదు. దాన్ని కొనాలి, అట్ట వెయ్యాలి, మంచం కిందనుంచి రోజూ బయటికి లాగాలి, 'ఒరేయ్, కనీసం నాలుగు పేజీలు' అని బతిమాలాలి, బెదిరించాలి. ఈ చాకిరీ చేసే మనిషి జాబితాలో ఎక్కడా కనిపించదు. చివరాఖర్న జాబితాకి జతచేసిన పట్టికలో మాత్రం ఆవిడకో గడి ఉంటుంది: తేదీ, పుస్తకం పేరు, చదివిన పేజీలు, నేర్చుకున్న నీతి, తల్లిదండ్రుల సంతకం. తల్లిదండ్రులని గౌరవంగా అచ్చువేశారు గానీ, పెట్టేది ఎవరో అందరికీ తెలుసు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 289లో మనం ఇప్పుడు మహనీయుల జీవిత చరిత్రలు కూడా దూరుస్తున్నాం. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే. అందుచేత మగపిల్లలకి వేసవి పుస్తకం ఎంచేవాళ్లు ముందు వాళ్లమ్మని పాఠకురాలిగా లెక్కలోకి తీసుకోవాలన్నది నా వాదన. ఆవిడకి తెరవబుద్ధి కాని పుస్తకం ఆ ఇంట్లో ఎవరూ తెరవరు.

ఇంతకీ ఆ 'నేర్చుకున్న నీతి' అన్న గడి దగ్గర కాస్త ఆగాలి. మన దేశంలో మగపిల్లల చదువు గురించి తల పట్టుకున్న మొదటి తండ్రి బహుశా పంచతంత్రంలోని మహిలారోప్యం రాజు అమరశక్తి. ముగ్గురు కొడుకులు. ముగ్గురి పేర్ల చివరా శక్తి ఉంది, ఉన్న శక్తంతా పేర్లలోనే అయిపోయింది. వ్యాకరణం నేర్పడానికే పన్నెండేళ్లు పడుతుందని సభలో పండితులు లెక్కలు చెప్పారు. అప్పుడు ఎనభై ఏళ్ల విష్ణుశర్మ లేచి, ఆరు నెలల్లో వీళ్లని నీతిశాస్త్రంలో దిట్టల్ని చేస్తాను, చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటాను అన్నాడు. ఇంత ధీమాగా కాలపరిమితి ప్రకటించిన కోచింగ్ సెంటర్ ఆయనకి ముందు లేదు, తర్వాత మాత్రం ప్రతి బస్టాండు ఎదుటా వెలిసింది. ఒక్కటే తేడా. నూరు అగ్రహారాలిచ్చినా నేను విద్యను అమ్ముకోను అని ఆయన ముందే చెప్పాడు. ఈ వాక్యాన్ని ఇప్పటి ప్రకటనల్లో ఎక్కడైనా చూసినవాళ్లుంటే చెప్పండి. సరే, ఫీజు సంగతి వదిలేద్దాం. అంత గొప్ప గురువు పాఠ్యాంశంగా ఏం పెట్టాడు? మిత్రభేదం. సింహానికీ ఎద్దుకీ మధ్య ప్రాణస్నేహం. దమనకుడనే నక్క ఇద్దరి చెవులూ కొరికింది. సింహం ఎద్దుని చంపేసింది. నక్కకి శిక్ష పడిందా? లేదు, దర్జాగా మంత్రి పదవిలో కూర్చుంది. ఇప్పుడు మనవాడు ఆ గడిలో ఏం రాయాలి? 'చాడీలు చెబితే ఉద్యోగం వస్తుంది' అని రాస్తే టీచరుగారు అమ్మని పిలిపిస్తారు. 'స్నేహితుల్ని నమ్మవలెను' అని రాస్తే ఎద్దు ఆత్మ క్షోభిస్తుంది. ఈ కథల్నే తెలుగులో చెప్పిన చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చింది 1853లో. అప్పట్నుంచీ ఎన్ని తరాల తెలుగు పిల్లలు సంధులు విడదీస్తూ ఈ నక్క వెంట పడి ఉంటారో! ఆ రాజకుమారులు మారారంటే అది నీతి రుచించి కాదు, నక్క తర్వాత ఏం చేస్తుందో తెలుసుకోవాలన్న ఆత్రం వల్ల. ఆరు నెలలు వాళ్లని కూర్చోబెట్టింది అదే. విష్ణుశర్మ నీతిని కథలో నానబెట్టాడు. మనం కథని పిండి, పిప్పికి గడి కట్టాం. అన్నట్టు, ఈ ఉదంతంలో రాజున్నాడు, కొడుకులున్నారు, గురువున్నాడు. రాణిగారి ఊసే లేదు. ఆ ఆరు నెలలూ పిల్లలకి అన్నాలు ఎవరు పెట్టారో పంచతంత్రం చెప్పదు.

పిల్లలు ఏం చదువుతారో మనకి తెలియక కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాలపాటు దాని వచనాన్ని చక్కదిద్దారు. అందులో నెల నెలా ఏముండేది? అర్ధరాత్రి శ్మశానంలో భుజాన శవాన్ని వేసుకుని నడిచే విక్రమార్కుడు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ పేర్లు చూడండి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం. ఇప్పటి జాబితాలకి ఇందులో ఒక్కటీ పనికిరాదు. శవం, మాంత్రికుడు, రాకాసి, అన్నీ అభ్యంతరకరమే. అయితే ఆ పత్రికని పిల్లలకంటే ముందు పెద్దలు లాక్కునేవారు. వంటింట్లో పొయ్యి దగ్గర ఒకరు, వాకిట్లో ఒకరు, 'నాదయ్యాక నీకు' అని తగువులు. పిల్లల పత్రిక ఇంటిల్లిపాదికీ నడిచిందంటే కారణం అదే. ఇంట్లో పెద్దవాళ్లు తన్నుకున్న పుస్తకాన్ని పిల్లవాడికి వేరే సిఫారసు చెయ్యక్కర్లేదు.

శవాలూ మాంత్రికులూ చదివి పిల్లలు పాడైపోరా అనేవాళ్లుంటారు. మూడు తరాలు చదివారు, వాళ్లలో శ్మశానానికి ఉద్యోగార్థం వెళ్లినవాళ్లెవరూ లేరు. పైగా విక్రమార్కుడు మోసే ఆ శవంలోని బేతాళుడి ప్రశ్నలు చిన్నవి కావు. తప్పెవరిది, గొప్పెవరిది అని అడుగుతాడు, రాజు తర్కించి జవాబు చెబుతాడు, శవం చెట్టెక్కుతుంది. నీతిని అందరికీ ఒకేలా దంచి పొయ్యడంకంటే ఇది బుర్రకి మంచి పనే. ఇంకొందరి అభ్యంతరం, మా వాళ్లది ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుంటారు అని. నిజమే, అందుకే వినిపించాలి. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు, బాపు బొమ్మలతో సహా, చెవికోసమే పుట్టినట్టుంటుంది. ప్రైవేటు మాస్టార్లతో వాడు పడే పేచీలు ఎనిమిదేళ్లవాడికి వీరగాథలు. వాళ్లమ్మకి అదే పేజీలో ఇంకో నవ్వు దొరుకుతుంది, ఎందుకంటే బుడుగు చూసేది పెద్దవాళ్ల భాగోతమే. ఒక పేజీ, రెండు నవ్వులు. బిజీగా ఉన్న ఇంటికి ఇంతకంటే పొదుపేముంది?

ఇద్దరు మగపిల్లలున్న ఇంటికి ఇంకొకటి చెప్పొచ్చు. రష్యన్ రచయిత అర్కాదీ గైదార్ 1939లో రాసిన చుక్ గెక్ అన్నదమ్ముల కథ తెలుగులో కూడా ఉంది. తండ్రి సైబీరియాలో ఎక్కడో అడవిలో పని మీద ఉంటాడు. తల్లి, ఇద్దరు కొడుకులు రైల్లో బయల్దేరబోతుంటే ఆయన దగ్గర్నుంచి టెలిగ్రాం వస్తుంది. ఆ సమయానికి అమ్మ ఇంట్లో లేదు. కొట్లాటలో అన్న దాచిన రేకుడబ్బాని తమ్ముడు బయటికి విసిరేస్తాడు, టెలిగ్రాం ఉన్నది అందులోనే. ఇక ఇద్దరూ కూడబలుక్కుంటారు: అమ్మ అడిగితే చెబుదాం, అడక్కపోతే మనంతట మనం ఎందుకు చెప్పాలి? అమ్మకి తెలియదు కాబట్టి అడగదు. ఇప్పుడు రాకండి అని అందులో ఉందన్న సంగతి, మంచులో ఖాళీ ఇంటి ముందు దిగాక గానీ ఆవిడకి అర్థం కాదు. ఈ ఒప్పందానికి ఏ మగపిల్లవాడూ వివరణ అడగడు. వాళ్లమ్మ కూడా అడగదు, ఆవిడకి ఇంట్లో ఇలాంటివి చాలా తెలుసు. నిజాయితీ మీద పది నీతికథలు చెయ్యలేనిది ఈ మౌనం చేస్తుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. చదివి వినిపించాలి, నవ్వాలి, ముందు తను ఇష్టపడాలి అంటున్నారు, అంటే 289 నిమిషాలని 310 చేస్తున్నారు కదా? దీనికి నా దగ్గర హాస్యం లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' అని ఒక చిన్న కథ రాశారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. ఎంత ఆలోచించినా గుర్తు రాదు. నాలుగైదు పేజీలే, కుక్కరు మూడు కూతలు కూసేలోగా అయిపోతుంది. ఆ తర్వాత కూరలో ఉప్పు వేశామో లేదో గుర్తుండదు. పిల్లల పుస్తకాల జాబితా పంపే ఎవరికీ, ఆవిడకి కూడా ఒకటి పంపుదాం అన్న ఆలోచన రాదు. వచ్చినా అది పిల్లల పెంపకం మీద పుస్తకమే అవుతుంది. పెళ్లికి ముందు ఆవిడ నవలలు నమిలి మింగిన మనిషి కావచ్చు. ఆ సంగతి ఆవిడ కొడుకులకి తెలియకుండానే వాళ్లకి మీసాలొస్తాయి.

కాబట్టి వినిపించే పని నాన్న చెయ్యాలి. ఆయన 88 నిమిషాల్లో ఇంకో ఇరవై కలిసినా లెక్క ఇంకా ఎంతో దూరంలో ఉంది. ఆ ఇరవై నిమిషాలూ అమ్మ పక్కగదిలో తలుపు వేసుకుని, నీతి గడి లేని పుస్తకం ఏదో ఒకటి చదువుకోవాలి, లేదా నిద్రపోవాలి. పుస్తకాలు ఖరీదు కదా అంటారా? ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచీ తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే ఉన్నాయి. ఫోను ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇంటి పన్ను రశీదు బయటికి తీసి చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందులో గ్రంథాలయ సెస్ అని రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేస్తూనే ఉన్నారు. డబ్బు ఎప్పుడో కట్టేశారు. ఆదివారం పొద్దున్నే కుర్రాళ్లిద్దర్నీ బండెక్కించుకుని గ్రంథాలయానికి వెళ్లండి, నాన్నగారూ. అక్కడ వాళ్లు ఏది తీస్తే అది తీయనివ్వండి.