కోడలి బీయెడ్డు, మామ అర్జీ

బాగేపల్లి తాలూకా వాస్తవ్యుడు, ఏటేటా ఇంటి కందాయం గడువులోగా కడుతున్నవాడు, కోడలు బీయెడ్‌లో చేరినప్పటి నుంచి మాత్రం సొంత ఇంట్లో నోరు విప్పడానికి జంకుతున్న గృహస్థు రాసుకొన్న అర్జీ. తాలూకా ఆఫీసులో ఇస్తే కన్నడంలో రాసుకురమ్మంటారు. కాలేజీలో ఇస్తే ఇంగ్లీషులో రాసుకురమ్మంటారు. అందుకని పాఠక మహాశయులకే సమర్పించుకుంటున్నాను.

మా రోజుల్లో బీయెడ్ అంటే ఒక్క ఏడాది కష్టం. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో నిబంధనలు మార్చి దాన్ని రెండేళ్ళు చేసింది. అందులో 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్ అట. మంచిదే. మరి మిగతా వారాల్లో ఈ అమ్మాయిలు ఎవరి మీద సాధన చేస్తారు? మండలి పెద్దలకు ఆ సందేహం రాలేదు. మా ఇంట్లో అందరికీ వచ్చింది. 2023 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి చిక్కబళ్ళాపురం కాలేజీకి పోయిరావడానికి చార్జీ సర్కారే పెట్టుకుంటోంది. జిరాక్సులు, చార్టులు, స్కెచ్‌పెన్నుల ఖర్చు నేను పెట్టుకుంటున్నాను. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు.

కోడలి ఇంగ్లీషు ఇప్పుడు మధ్యమ స్థాయిలో ఉందట. ఐరోపావాళ్ళు 2001లో భాషకు ఆరు మెట్లు కట్టారు, అందులో నడిమి మెట్లన్నమాట. నాకర్థమైనంత వరకు ఆ మెట్ల మీద నిలబడ్డవాళ్ళకు ఎదుటివాడి తప్పు దిద్దేంత భాష వస్తుంది, తమ మాట తాము చెప్పుకొనేంత రాదు. బెంగళూరు నుంచి ఎవరో పెద్దాయన కాలేజీకి వచ్చి గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి, ఏమైనా అడగండమ్మా అన్నాడట. ఒక్కరూ లేవలేదు. బస్సెక్కాక మాత్రం ఆయన ఏ ప్రిపొజిషన్ ఎక్కడ తప్పాడో పేరేసంద్ర దాటేదాకా చర్చే చర్చ. ఆ చర్చ జరిగింది తెలుగులో.

మొదట గోడలకు చీటీలు వచ్చాయి. తలుపుకు డోర్, కిటికీకి విండో, ఊరగాయ జాడీకి పికిల్, నా కుర్చీకి చెయిర్. పక్కింటాయన అప్పు అడగడానికి వచ్చి, చీటీలన్నీ చూసి, గొంతు తగ్గించి, "సొసైటీవాళ్ళు జప్తు చేసేసినారా?" అని పరామర్శించి వెళ్ళాడు. అప్పు అడగలేదు. చీటీల వల్ల కలిగిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

తర్వాత ధ్వనులు. ఇంగ్లీషులో 26 అక్షరాలకు 44 ధ్వనులట, 20 అచ్చులు, 24 హల్లులు. పై పళ్ళు కింది పెదవికి తాకిస్తే ఒక ‘వ’, పెదవులు గుండ్రంగా చుడితే ఇంకో ‘వ’. రాత్రి అన్నాలయ్యాక అందరినీ వరసగా కూర్చోబెట్టి రెండూ పలికించింది. "అవ్వా, మీరు చెప్పండి" అంటే మా అమ్మ, "నాకు పళ్ళే లేవు తల్లీ, ఆ మొదటిది నాకొద్దు, రెండోదే చాలు" అంది.

వీటన్నిటికీ మించింది మైక్రో టీచింగు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు 1960లలో కనిపెట్టారట. మన దేశంలో దానికి కొలతలు కట్టారు: 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు విమర్శ, 12 నిమిషాలు తిరిగి తయారీ, 6 నిమిషాలు మళ్ళీ పాఠం, 6 నిమిషాలు మళ్ళీ విమర్శ. మొత్తం 36. సంగటి పొయ్యి మీద నుంచి దించాక 36 నిమిషాలు ఆగితే ఏమవుతుందో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళకు ఎవరైనా రాయాలి. మొన్న సాయంత్రం అంశం ‘ప్రవేశం’, అంటే పాఠం మొదలుపెట్టే తీరు. వస్తువు పేరు ఉపాధ్యాయురాలు చెప్పకూడదు, పిల్లల చేత చెప్పించాలి. కోడలు కొంగు చాటు నుంచి ఒక టమోటా తీసి పైకెత్తి పట్టుకొని, ఇంగ్లీషులో, ఇదేమిటి అంది.

"టమోటా. ఈ పొద్దు చింతామణి మార్కెట్టులో బాక్సు ఎంతకు పోయిందంటమ్మా?" అన్నాను. తోటలో ఇంకా కాయ ఉన్నవాడు అడగవలసిన ప్రశ్నే కదా.

"మామా, ప్రశ్నకు ప్రశ్న జవాబు కాకూడదు. పూర్తి వాక్యంలో చెప్పండి."

చెప్పాను. "వెరీ గుడ్" అంది. దాన్ని పునర్బలనం అంటారట. అరవై దాటినవాణ్ణి నా ఇంట్లో నా టమోటా చూపించి మెచ్చుకోవడాన్ని మేము వేరే పేరుతో పిలిచేవాళ్ళం.

ఎదురు చెబితే ఇద్దరు పెద్దమనుషుల్ని రంగంలోకి దింపుతుంది. ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురంలో చదివి, బెంగళూరు పోయి 1881లో బీయే పాసయ్యారట. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు హైస్కూలు కోసం బెంగళూరుకు నడిచిపోయి, అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకొని, బెంగళూరు విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారట. కాదన్నదెవరు? వాళ్ళిద్దరూ ఊరగాయ జాడీకి చీటీ అంటించినట్టు మాత్రం నేనెక్కడా వినలేదు.

ఒక్కరోజు నాకూ ఆశ కలిగింది. ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన గురించి చదువుతోంది. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బళ్ళలో ప్రయోగం చేశాడు. వ్యాకరణం పాఠంగా చెప్పొద్దు, పిల్లలకు రైలు టైంటేబులో పటమో ఇచ్చి, ఏ బండెక్కితే ఎప్పుడు చేరతామో వాళ్ళనే తేల్చమనండి, బుర్ర ఆ లెక్కలో పడితే భాష వెనకే వస్తుంది అని ఆయన వాదం. బెంగళూరు ప్రాజెక్టు అంటూ దేశదేశాల భాషా పండితులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పొరుగునే పుట్టిన మాట! కోడలు దాన్ని ఎలా చదువుతోందా అని తొంగిచూశాను. గైడు ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, ‘బెంగళూరు ప్రాజెక్టు లక్షణాలు’ పాయింట్ల వారీగా కంఠతా పడుతోంది. బట్టీ వద్దన్నవాణ్ణే బట్టీ కొడుతున్నారు.

పోనీ ఆయన చెప్పినట్టే చేద్దామని బస్టాండుకు పోయి చింతామణి బస్సుల టైములు రాసుకొచ్చాను. "అడగమ్మా ఇంగ్లీషులో, నాకొచ్చినంతలో చెబుతాను" అన్నాను.

"అది పరీక్షలో రాదు మామా" అంది.

పిల్లను తప్పుపట్టి లాభం లేదు. కర్ణాటకలో 2007 నుంచి సర్కారు బడుల్లో ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు పెట్టారు. రేపు ఈమె ముందు కూర్చునేవాళ్ళు తెలుగిళ్ళ పిల్లలు, బడి కన్నడం, చేతిలో ఇంగ్లీషు వాచకం. వాళ్ళ చేత ఇంగ్లీషు ఎలా మాట్లాడించాలో ఈమె చేత కట్టలకొద్దీ రాయించారు. ఈమెతో తీరిగ్గా కూర్చొని ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడినవాళ్ళు మాత్రం లేరు. తప్పు పోతే నవ్వుతారని ఆమె అడగదు, అడగదు కనక రాదని కాలేజీవాళ్ళంటారు. మధ్యలో మా ఇల్లు.

ఇక అసలు ఫిర్యాదు. నిన్న రికార్డు పుస్తకం బల్ల మీద వదిలి నీళ్ళు పట్టడానికి పోయింది. తెరిచాను. నా గురించి రాసింది నేను చూసుకోకూడదా? విద్యార్థుల పరిశీలన పట్టికలో అవ్వకు ‘ఎ’. మా ఆవిడకు ‘బి’. నాకు ‘సి’. పక్కన ఎర్రసిరాతో, ‘తెలివి ఉంది, పాఠం నడుమ ధరలు అడుగుతారు.’

కాబట్టి పళ్ళులేని మా అమ్మకన్నా నాకు మార్కులు ఎందుకు తగ్గాయో విచారించి, రీవాల్యుయేషన్ ఫీజు ఎంతో, ఎవరికి కట్టాలో తెలియజేయ ప్రార్థన. ఇప్పటిదాకా పెట్టిన జిరాక్సు ఖర్చులో చెల్లువేసుకొనే వీలుంటే మరీ మంచిది.