ఉమ్మనీటి పొర ఆత్మకథ

అనంతగిరి అడవిలో మూసీ పుట్టినచోటికి చేరువనున్న పల్లెలో, ఒక యిల్లాలి గర్భమున శిశువుతోడనే పెరిగి, ఆ శిశువును ఉమ్మనీటితోసహా చుట్టి నెలలు నిండువరకు కాపాడిన పలుచని పొరను నేను. నాకు రక్తనాళములు లేవు, నాడులు లేవు.

హైదరాబాదున శస్త్రప్రసవమైననాడు, మావితోకూడ నన్ను గిన్నెలో దాచుచుండగా, అవ్వ "గదేంది బిడ్డా, మాయను భూమిల పాతిపెట్టరా?" అని యడిగెను. "లేదవ్వా, మీ కోడలు ఒప్పుకున్నది, ఇది ఒకరి కన్నుకు పనికొస్తది" అని నర్సు చెప్పెను. అంతట తల్లి రక్తమున హెచ్.ఐ.వి., కామెర్ల వైరసులు, సవాయి మొదలగువాని జాడలేదని రూఢిచేసికొని, నన్ను మావినుండి విడదీసి, మందునీట కడిగి, కాగితముపై పరచి, సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో భద్రపరచిరి. 1940లోనే డి రాత్ అను వైద్యుడు మా జాతిపొరలను కంటికి వాడియుండెను గనుక, ఇది నాకు క్రొత్త గౌరవము కాదు.

నల్లగుడ్డునకు తెల్లగుడ్డునకు నడిమి అంచున మూలకణములుండును. నల్లగుడ్డు పైపొర నిత్యము రాలుచుండ, ఆ లోటును పూరించునవి యవియే. క్షారము సోకి ఆ యంచు దగ్ధమైనచో, తెల్లగుడ్డుపొర నెత్తుటినరములతో నల్లగుడ్డుమీదికి ప్రాకి చూపును మూయును; అట్టి కంటికి ఒరుల నల్లగుడ్డు నతికినను నిలువదు. ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థలో వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి, బాలసుబ్రమణియన్ ప్రభృతులు 2001 మొదలు, రోగి మంచికంటి యంచునుండి తీసిన తునకను మాబోటి పొరపై ప్రయోగశాలలో పెంచి రెండవకంట నాటుచు వచ్చిరి. 2011లో వారు ప్రకటించిన 200 మంది రోగులలో 71 శాతమునకు అది ఫలించెను. పత్రికలవారు మూలకణములనే కొనియాడుదురు. విత్తునకున్న కీర్తి మడికెక్కడిది!

నా వంతు వచ్చినది తాండూరు యువకునివలన. తాండూరు బండయు సున్నపురాయియే. పరచినంతకాలము నిరపాయము, కాల్చి నీరు పోసినపుడే దాని క్షారగుణము బయటపడును. పండుగకు గోడలకు వెల్లవేయుటకై కుండలో సున్నము నానవేయుచుండ, అది పొంగి యాతని కుడికంట చిమ్మెను. 2012లో సంగ్వాన్, సాయన్ బసు మున్నగువారు వెల్లడించిన సులభవిధానమున ప్రయోగశాలతో పనిలేదు: మంచికంటి యంచున రెండు మిల్లీమీటర్ల తునకను తీసి, చిన్నచిన్న ముక్కలుగా కోసి, నన్ను గాయపడిన కంటిపై ఫైబ్రిన్ జిగురుతో అతికించి, నాపై ఆ ముక్కలను అమర్చి, మీద మెత్తని కంటికటకమును కప్పిరి. వైద్యము బీదసాదలకు అందవలెనన్న ఇట్లు సుగమము కావలెనని నా యభిప్రాయము.

ఆ ముక్కలనుండి కణములు నామీదుగా ప్రాకి ఒండొంటిని కలిసికొనుచున్నవి, నేను కరగుచున్నాను. అవి యాతని సొంతకణములే గనుక దేహము వానిని వెలివేయదు. నిన్న పరీక్షకు వచ్చినపుడు వైద్యుడు కంటద్దములు లేక సున్నము ముట్టవలదని గట్టిగా చెప్పెను. వెంటవచ్చిన తల్లి, "ఇగ సున్నం మాటే వద్దు సారూ, డబ్బారంగు తెస్తం" అనెను. కొడుకు దాని ధర యడిగెను.