డెబ్భై గేట్లు

మా రోజుల్లో బెజవాడలో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఎవరూ ఫోన్లో వెతుక్కోలేదు. ఆదివారం పొద్దున్నే అమ్మ పులిహోర కలిపిందంటే, ఇవాళ బ్యారేజీ దాటుతున్నామని అర్థం.

1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దానిదీ నాదీ దాదాపు ఒకటే వయసు. దానికి మరమ్మతులు చేసేవాళ్ళున్నారు, అంతే తేడా. కిలోమీటరు పైచిలుకు ఆ పొడవంతా నాన్న మమ్మల్ని నడిపించేవాడు. "గేట్లు లెక్కపెట్టండిరా, సరిగ్గా చెప్పినవాడికి గోళీసోడా" అనేవాడు. నాకు 68 వచ్చేది, మరోసారి 71. అన్నయ్యకి మాత్రం ప్రతిసారీ 70. వాడు లెక్కపెట్టలేదనీ, నాన్న మొదటిసారి చెప్పిన జవాబే అప్పజెబుతున్నాడనీ కనిపెట్టేసరికి నాకు మీసాలొచ్చాయి.

అవతలి ఒడ్డున ఉండవల్లి. కొండను తొలిచి అంతస్తులంతస్తులుగా చెక్కిన గుహలు. లోపల చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక, శేషుడి మీద పడుకున్న అనంతపద్మనాభుడు పాదాల నుంచి తలదాకా మెల్లగా కనిపించేవాడు. అలా కనిపించడానికి పట్టే ఆ కాసేపట్లో మా గోలంతా దానంతటదే అణిగిపోయేది.

ఇప్పటి పిల్లలకి ఆదివారమంటే మాల్‌లో ఆటల గది. చల్లగా ఉంటుంది, కిటికీ ఉండదు. మెడలో వేసుకున్న కార్డు గీస్తే మిషను మోగుతుంది, కార్డులో డబ్బులైపోతే మనవడు ఏడుస్తాడు. బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ మ్యూజియం ముందునుంచి కారులో వందసార్లు పోయుంటాం. 1921లో కాంగ్రెస్ సమావేశాలకి గాంధీగారు వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించింది అక్కడేనని చెప్పబోతే, సిగ్నల్ పడిపోయింది.

పోయిన నెల పట్టుబట్టి అందరినీ ఉండవల్లి తీసుకెళ్ళాను. కోడలు పద్మనాభుడి ముందు నిలబడి ఫోటోలు దిగింది. మనవడు నా చెయ్యి లాగి, "తాతయ్యా, ఇక్కడేం చెయ్యాలి?" అన్నాడు.

"చూడాలిరా."

"చూసేశా."

ఇంతసేపూ సణిగాను కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ ఆదివారాల్లో అమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్ళు ముట్టేది కాదు. ఎండలో అంతదూరం నడిచి, మాకు పులిహోర పెట్టి, తను మాత్రం గొంతు తడుపుకునేది కాదు. అదేదో నోమనుకునేవాణ్ణి. ఆడవాళ్ళు వెళ్ళడానికి దారిలో ఎక్కడా మరుగుదొడ్డి లేదని నాకు తట్టింది నా పెళ్ళయ్యాకే. ఈ ఒక్క విషయంలో మాల్‌కి దణ్ణం పెడతాను. మా రోజులు బంగారమని నేనంటే అనొచ్చు గానీ, అమ్మని అడిగితే ఏమనేదో!

తిరుగుదారిలో కారుని ముందుకి పంపించేసి, మనవణ్ణి బ్యారేజీ మీద దింపాను. వాడు మొహం మాడ్చుకున్నాడు. గోళీసోడా అంటే ఏమిటని అడిగాడు. పదో గేటు దాకా నన్ను తిట్టుకున్నట్టే నడిచాడు. ఇరవై దాటాక నన్ను మాట్లాడొద్దన్నాడు, లెక్క తప్పుతుందట. చివరికొచ్చి ఊపిరి పీల్చుకుని, "69" అన్నాడు.

తప్పే. అయినా సోడా ఇప్పించాను. అన్నయ్యలా అప్పజెప్పలేదు, వాడి కళ్ళతో వాడు లెక్కపెట్టాడు.

మీరూ పిల్లల్ని తీసుకెళ్ళండి, చల్లపొద్దున నడిపించండి. గేట్లెన్నో మాత్రం ముందే చెప్పకండి.