ఫోటోకే జాబ్ కార్డు ఇవ్వండి

ఉపాధి హామీ హాజరులో మోసం జరుగుతోందని ఢిల్లీకి తెలిసిపోయింది. 2025 జులై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్ సంగతి మీరూ చదివే ఉంటారు. పని దగ్గర కూలీలను రెండు పూటలా ఫోటో తీయమంటే, పాత ఫోటోనే ఫోటో తీసి హాజరు యాప్‌లో ఎక్కిస్తున్నారట. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఆడవాళ్లుంటే ఫోటోలో మగవాళ్లు తేలుతున్నారట. మధ్యాహ్నం ఫోటో కొన్నిచోట్ల అసలు రావడమే లేదట, భోంచేసి పడుకుంటోంది కాబోలు. అందుకని ఇకమీదట గ్రామ పంచాయతీ స్థాయిలో నూటికి నూరు ఫోటోలూ మనుషులే సరిచూడాలట. మనిషి కంటిని నమ్మలేక 2021లో యాప్ తెచ్చారు. 2025లో యాప్‌ను నమ్మలేక మళ్లీ మనిషి కన్నే కావాల్సొచ్చింది.

ఇంత ఆయాసం దేనికండీ? ఫోటోకే జాబ్ కార్డు ఇచ్చేస్తే పోలా!

ఫోటోకి దాహం వెయ్యదు. పని దగ్గర నీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలని చట్టంలో రాసుకున్న ఖర్చంతా మిగిలిపోతుంది. పసిపిల్లలు ఐదుగురుంటే చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలి కదా, ఫోటోల పిల్లలు పాస్‌పోర్ట్ సైజులో ఉంటారు, కవర్లో పెట్టి కొమ్మకు తగిలిస్తే చాలు. నిలువెత్తు ఫోటోకి 2025 నాటి రోజు కూలి 307 రూపాయలు, నడుం దాకా ఉంటే సగం. ఫోటోకి తీసిన ఫోటో వారసుడి కింద లెక్క, కార్డు దాని పేరు మీదికి మార్చాలి. గోడమీద దండ వేసుకున్న తాతగార్లు దీనికి మరీ అనువైన కూలీలు. వేళకు ఉంటారు, కదలరు, కూలి ఎప్పుడు పడుతుందని అడగరు.

ఒక్కటే చిక్కు. ఫోటోలు సరిచూసే మనిషి నిజంగా చూశాడో లేదో ఎలా తెలుస్తుంది? అతను చూస్తుండగా పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి ఫోటో తీయాలి. ఆ ఫోటోలు చూడ్డానికి మరొకడు, వాడిని ఫోటో తీయడానికి ఇంకొకడు. ఇలా పోతే ఊళ్లో ప్రతి ఇంటికీ వంద రోజుల పని ఖాయం. చెరువులో పూడిక మాత్రం చెరువులోనే ఉంటుంది.

దొంగ మస్టర్ రాసేవాడికి ఈ యాప్ అడ్డమే కాలేదు, ఫోటోకి ఫోటో తీసి దాటేశాడు. దొరికిపోయింది ఎవరు? సిగ్నల్ అందని గుట్ట కింద ఎండలో కందకం తవ్విన ఆడమనిషి. ఫోటో ఎక్కకపోతే ఆమె ఆ రోజు పనికి రానట్టే, కూలి లేనట్టే. చేతులకు లేచిన బొబ్బలు ఏ సర్వరూ చూడదు.

ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మస్టర్‌ను ఊరి నడుమ చదివి వినిపించే సామాజిక తనిఖీని దేశానికి నడిపి చూపింది కూడా ఆనాటి ఆంధ్రప్రదేశే. ఎవరు పనికొచ్చారో, ఎవరు రాలేదో ఊరికి తెలుసు. ఆ ఊరిని అడగడం దొరలకు నామోషీ. అందుకే పని చూసే మేట్ చేతిలో ఫోన్ పెట్టి, అది పని చెయ్యకపోతే శిక్ష కూలీకి వేశారు. ఇది దొంగతనాన్ని పట్టడం కాదు, దొంగ చేసిన తప్పుకి పేదదాని కూడు లాక్కోవడం.

కూలి 15 రోజుల్లో ఇవ్వాలని ఈ పథకం చట్టంలోనే రాశారు. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం, అంటే 307 రూపాయలకు రోజుకి 15 పైసలు. రెండు పూటలా ఫోటో లేదని నిలదీసే దొరలూ, ఆ 15 పైసలు ఎంతమందికి కట్టారో ఆ లెక్క ముందు గ్రామసభలో చదివించండి. ఫోటోలు ఆ తర్వాత చూసుకుందురుగాని.