కిట్టులో అన్నీ ఉన్నాయి, అమ్మ తప్ప!

సబ్బు ఉంది. నూనె ఉంది. పౌడరు ఉంది. దోమతెర, బుల్లి పరుపు, ఆటబొమ్మలు, తల్లికి చీరలు, అన్నీ మోసుకెళ్లడానికి ఒక బ్యాగు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టులో లేనిదేమిటి చెప్పండి? పైగా మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు ఇచ్చేవారు. పైన ఎవరి ఫొటో ఉండేదో మీకు నేను చెప్పాలా? ప్రభుత్వం మారితే ముందు మారేది ఆ ఫొటోనే అని కూడా మీకు తెలుసు.

కిట్టు వద్దని ఎవరూ అనరు. పేదింటి బాలింతకు ఆ సబ్బూ, ఆ దోమతెరా పనికొచ్చేవే. అడిగేదల్లా ఒకటే. బ్యాగు చేతికిచ్చి, కెమెరా వైపు చూడమని, నవ్వమని, పంపించేశాక... 'ఏమ్మా, నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా?' అని అడిగిన నాథుడున్నాడా?

ఈ ప్రశ్నలు కనిపెట్టడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదు. బాలింతల దిగులును పసిగట్టడానికి 1987లోనే బ్రిటన్‌లో ముగ్గురు కూర్చుని పది ప్రశ్నలు రాసిపెట్టారు. ఎడిన్‌బరో స్కేలు అంటారు. ఐదు నిమిషాల పని. రక్తం తీయక్కర్లేదు, యంత్రం కొనక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు. అదిగో, అక్కడే వచ్చింది చిక్కు! టెండరు లేని పథకం ఎవడిక్కావాలి? ప్రశ్న మీద ఎవరి ఫొటో అచ్చువేస్తారు?

2017లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక లెక్క వచ్చింది. మన దేశంలో 20,043 మంది తల్లులను పరిశీలించిన 38 అధ్యయనాలను కలిపి చూస్తే, 22 శాతం మంది కాన్పు తర్వాత డిప్రెషన్‌తో ఉన్నారు. కిట్టు పుట్టిన ఏడాదే ఈ లెక్కా పుట్టింది. దానికి రిబ్బను కోశారు. దీనికి బారసాల కూడా చేయలేదు.

సర్కారును తిట్టేసి మనం చేతులు దులుపుకుందామా? ఆగండి. మన ఇళ్ల సంగతీ ఉంది.

సీమంతానికి ఫంక్షన్ హాలు. కాన్పుకు ముహూర్తం. పంతులుగారు టైము రాసిస్తే డాక్టరమ్మ కత్తి పట్టుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో ఫస్టు ర్యాంకు! నక్షత్రం కోసం కోసిన కడుపును పట్టుకుని, రాత్రి రెండింటికి పాలివ్వడానికి లేచే మనిషి గురించి మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.

ఒకసారి ఆ బాలింత గదిలోకి తొంగి చూడండి. చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారంతో పత్యం. వచ్చినవాళ్లంతా ఊయల మీదికే వంగుతారు. 'ముక్కు అచ్చం నాయనమ్మదే.' 'రంగు తేలుతుందిలే.' 'పాలు చాలుతున్నట్టు లేవు.' ఆ చివరి మాట బిడ్డతో అన్నది కాదు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి తగలాలని అన్నది. తగిలింది. ఆమె ఏడ్చింది. వెంటనే పెద్దావిడ అందుకుంటుంది: 'మేం కనలేదా పదిమందిని? పొద్దున కని సాయంత్రం కలుపు తీశాం!' తీశావు మహాతల్లీ. ఆ రాత్రి నువ్వూ గోడవైపు తిరిగి ఏడ్చావు. నిన్నూ ఎవరూ అడగలేదు. ఆ బాకీ కోడలి దగ్గర వసూలు చేస్తావా?

ఏడుపు ఆగకపోతే గాలి సోకిందని తాయెత్తు. మానసిక వైద్యుడి దగ్గరికా? అమ్మో! పిచ్చిదని పేరొస్తే చెల్లెలికి సంబంధాలు ఎలా వస్తాయి? ఇక మొగుడుగారంటారా, ఆదివారం అత్తారింటికొచ్చి బిడ్డతో సెల్ఫీ దిగి పోయే చుట్టం. ఉందామన్నా సెలవేది? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటు కొలువైతే చట్టం ఇచ్చేది గుండు సున్నా. తండ్రుల్లోనూ పదిమందిలో ఒకరు ఇదే దిగులులో పడతారని చెబితే మన పెద్దలు నవ్వుతారు.

అడగడానికి మనుషులు లేరా? ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. లోపలి గదిలో మంచం దాకా వెళ్లగలిగిన ప్రభుత్వం ఏదైనా ఉందంటే అది ఆమే. ఆ ఆరుసార్లకూ కలిపి కేంద్రం లెక్కగట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. బిడ్డను తూచాలి, జ్వరం చూడాలి, రిజిస్టరు నింపాలి, యాప్‌లో ఎక్కించాలి. ఇంతా చేసి జీతం పెంచమని రోడ్డెక్కితే పోలీసు వ్యాను ఎక్కించారు. కేరళ 'అమ్మ మనస్సు' అని పేరు పెట్టి, ఉన్న సిబ్బందితోనే తల్లుల మనసు సంగతి చూడటం మొదలుపెట్టింది. మనకు ఆ పేరు పెట్టడమూ రాదా? పేర్లు పెట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరే!

చట్టాలకేం, బంగారంలా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏమంటుంది? చికిత్సకు చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదంటుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆ చట్టం రాకముందే, 2009లోనే, తల్లీబిడ్డలకు కలిపి వార్డు తెరిచింది. మీ జిల్లా ఆసుపత్రిలో అలాంటి మంచం ఒక్కటి చూపించండి. పోనీ, 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోను లైను ఉంది. 14416. ఉచితం. ఆ నంబరు మీ ఊరి పీహెచ్‌సీ గోడ మీద ఎప్పుడైనా చూశారా? ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీ కింద ఉందేమో!

పత్రికలవాళ్లం మేమూ తక్కువ తినలేదు. సినిమా తార కంటే 'పండంటి బిడ్డ'. అదే రోజు జిల్లా పేజీలో ఓ మూల, పసిబిడ్డ తల్లి చనిపోతే 'కడుపునొప్పి తాళలేక'. ఎన్నేళ్లుగా రాస్తున్నామో ఆ కడుపునొప్పి! బిడ్డకే ఏదైనా అయితే కడుపునొప్పి కూడా ఉండదు. ఏకంగా 'కసాయి తల్లి'.

చట్టమూ మాతో పోటీపడుతుంది. కాన్పు దెబ్బకు మతి చెదిరిన తల్లి చేతిలో పసిబిడ్డ పోతే, దాన్ని హత్యగా కాక వేరే నేరంగా చూడాలని ఇంగ్లండు 1922లోనే చట్టం చేసుకుంది. 1938లో ఏడాదిలోపు బిడ్డల దాకా విస్తరించింది. మనం? వాళ్లు 1860లో రాసిచ్చిన శిక్షాస్మృతిని భద్రంగా దాచుకుని, 2023లో న్యాయ సంహిత అని కొత్త పేరు పెట్టి, వలస వాసన వదిలించామని చప్పట్లు కొట్టుకున్నాం. ఆ తల్లి కోసం ఒక్క సెక్షను చేర్చలేదు.

కాబట్టి ఆమె మీద మామూలు హత్య కేసే. ఎదురుగా కుర్చీ వేసుకుని, 'ఏం జరిగిందమ్మా, మొదటినుంచి చెప్పు' అని తీరిగ్గా అడిగే మొదటి మనిషి స్టేషన్‌లో సీఐగారే.